ఆ టీ షర్టు మీద సూసైడ్ ఎవరిది?



ఆగస్టు 9 ర్యాలీకి వాలంటీర్ల టీ షర్టు మీద ఏం రాయించాలని మన గ్రూపులో పోల్ పెట్టారు. నిన్న రాత్రికి "సూసైడ్ స్క్వాడ్" ముందుంది. కింద కామెంట్లన్నీ చదివాను. మూడు మాటలు మళ్లీ మళ్లీ కనిపించాయి. ఒకటి: లోకం మనల్ని ఎట్లాగూ విలన్లనే అంటది, ఆ విలన్లే చివరికి ఊరిని కాపాడతారు, అదే మన కథ. రెండు: తప్పు చేసినోడికి సెకండ్ ఛాన్స్ ఇచ్చే కథ అది. మూడు: టీ షర్టే కదా, దానికింత చర్చ ఎందుకు. ఈ మూడింటికీ జవాబు చెప్దామని రాస్తున్నా. పొడుగైతది, ఓపిక పట్టండి. తిట్టాలనుకుంటే చివరిదాకా చదివి తిట్టండి.

ముందే చెప్తున్నా, ఆ సినిమాలు చూడొద్దని నేను అనట్లేదు. రెండూ చూశాను, నవ్వుకున్నాను కూడా. నా గొడవంతా దాన్ని మన ఛాతీ మీద అచ్చేసుకోవడం మీదే.

అసలు ఆ కథ ఏంటో తెలియనోళ్ల కోసం కొంచెం చెప్తా. సూసైడ్ స్క్వాడ్ అనే పేరు అమెరికాలో డీసీ కామిక్స్‌లో 1959లోనే వచ్చింది. కానీ అప్పుడు దాంట్లో ఖైదీలు లేరు. మనం చూసే కథ 1987లో మొదలైంది, రాసింది జాన్ ఆస్ట్రాండర్. జైల్లో ఉన్న విలన్లని తీసుకెళ్లి, తిరిగొస్తారో లేదో తెలియని పనుల మీద పంపుతారు. బతికొస్తే శిక్ష తగ్గిస్తారు. పారిపోతే చేతికి కట్టిన కంకణం పేలిపోద్ది. పని చెడిపోయి దొరికిపోతే, "వీళ్లెవరో మాకు తెలియదు" అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటది. ఖైదీ చెప్తే ఎవడు నమ్ముతాడు? ఖైదీలనే ఎంచుకోవడానికి అసలు కారణం అదే. వాళ్లకి శక్తులున్నాయని మాత్రమే కాదు, వాళ్లు పోయినా అడిగేవాడు ఉండడని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ పేరు చూడండి. సూసైడ్ అంటే తన ప్రాణం తానే తీసుకోవడం. ఈ కథలో చచ్చేవాడు ఒకడు, పంపేవాడు ఇంకొకడు. బాంబు వీడి ఒంట్లో ఉంటది, బటన్ వాళ్ల చేతిలో ఉంటది. ఇది సూసైడ్ ఎట్లయితది? పంపినోడి చేతికి రక్తం అంటకుండా పెట్టుకున్న పేరు అది. ఆస్ట్రాండర్ రాసిన కామిక్ ఈ విషయం దాచలేదు. జైల్లో వాళ్లకి డాక్టర్లు, కౌన్సెలింగ్ చేసేవాళ్లు ఉంటారు, వీళ్లని ఇట్లా వాడుకోవడం న్యాయమేనా అని లోపలి వాళ్లే కొట్లాడుకుంటారు. సినిమాలకి వచ్చేసరికి ఆ కొట్లాట పోయి పాటలు, రంగుల జుట్టు, డైలాగులు మిగిలాయి. మన టీ షర్టు మీదకి వచ్చేసరికి అవి కూడా పోయి పేరు ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు 2016 సినిమాలో ఒక మనిషి గురించి మాట్లాడదాం. పేరు స్లిప్‌నాట్. గుర్తున్నాడా? చాలామందికి గుర్తుండడు, తప్పు మీది కాదు. డెడ్‌షాట్‌కి ఒక కథ ఉంది, కూతురుంది. హార్లీ క్విన్‌కి ప్రేమ కథ ఉంది. డియాబ్లోకి పెళ్లాం పిల్లల బాధ ఉంది. ఒక్కొక్కళ్లకీ పాట పెట్టి, పేరు రాసి పరిచయం చేశారు. స్లిప్‌నాట్‌కి అదేమీ లేదు. బయల్దేరే టైముకి బండిలోంచి దిగుతాడు. ఈ బాంబులు ఉత్తుత్తివి, పారిపోదాం పద అని కెప్టెన్ బూమరాంగ్ అతన్ని ఎగదోస్తాడు. తాడు పట్టుకుని గోడ ఎక్కుతుంటే బటన్ నొక్కుతారు. తల పేలిపోద్ది. అంతే. బాంబులు నిజమేనని మిగతావాళ్లకి, మనకి చూపించడం, అదే అతనికిచ్చిన పని.

ఆ పాత్ర వేసిన నటుడి పేరు ఆడమ్ బీచ్. కెనడాలోని మానిటోబాలో పుట్టిన ఆదివాసీ, సాల్టో అనే జాతి వాళ్లు. అంటే ఈ గ్రూపులో మనమందరం ఆగస్టు 9న ఎవరితో కలిసి పండుగ చేసుకుంటామో, ఆ ప్రపంచ ఆదివాసీల్లో ఒకడు. అంత పెద్ద సినిమాలో, అంతమంది స్టార్ల మధ్య, కథ లేకుండా వచ్చి అందరికంటే ముందు చచ్చింది ఆదివాసీ మనిషి. డైరెక్టర్ కావాలని చేశాడని నేను అనను. కావాలని చేయకుండానే అట్లా జరిగిపోద్దంటే ఇంకా ఆలోచించాల్సిన విషయం. ఒకడిని ఉదాహరణకి చంపాలి అనుకున్నప్పుడు ఎవరి మొహం గుర్తొస్తదో చూడండి.

కామిక్‌లో కూడా స్లిప్‌నాట్‌కి ఇదే గతి, అక్కడ చెయ్యి పోయింది. అక్కడా ఎగదోసింది బూమరాంగే. సినిమాలో మొత్తం ప్రాణమే పోయింది. మనం "మేమే సూసైడ్ స్క్వాడ్" అంటే, మనం డెడ్‌షాట్ అనుకుంటున్నాం, హార్లీ అనుకుంటున్నాం. వాళ్ల లిస్టులో మనం ఏ నంబరో ఒకసారి చూసుకుని మాట్లాడదాం.

2021లో జేమ్స్ గన్ తీసిన రెండో సినిమా ఇంకా నిజాయితీగా ఉంది, అది ఒప్పుకుంటా. మొదట్లోనే ఒక టీముని సముద్రపు ఒడ్డున దింపుతారు. దాదాపు అందరూ అక్కడే చస్తారు. తర్వాత తెలుస్తది, అసలు టీము ఇంకోచోట దిగిందని. శత్రువు చూపు ఇటు తిప్పడానికే వీళ్లని పంపారు, ఆ సంగతి వీళ్లకి చెప్పలేదు. భయపడి వెనక్కి ఈదుతున్న ఒకడి తల అమాండా వాలరే పేల్చేస్తది. ఇంకోవైపు ఏసీ రూములో కంప్యూటర్ల ముందు కూర్చున్న ఉద్యోగులు ఎవడు ముందు చస్తాడని పందేలు కాస్తుంటారు. ఆ సీనుకి మనం హాస్టల్లో నవ్వుకున్నాం. ఆ ఉద్యోగుల పక్కన కూర్చుని నవ్వుకున్నాం, ఒడ్డున ఉన్నవాళ్ల పక్కన కాదు.

ఇంతకీ ఆ పని ఏంది? దేశాన్ని కాపాడటమా? కాదు. కోర్టో మాల్టీస్ అనే దీవిలో ఒక పెద్ద భవనం, అందులో మనుషుల మీద ప్రయోగాలు. అందులో అమెరికా ప్రభుత్వానికి కూడా చెయ్యి ఉంది. ఆ సాక్ష్యం లేకుండా చేయడమే అసలు పని. అంటే పైవాళ్లు చేసిన పాపం కడగడానికి కిందివాళ్ల ప్రాణాలు. బ్లడ్‌స్పోర్ట్ ఎందుకు ఒప్పుకుంటాడో గుర్తుందా? 16 ఏళ్ల కూతురిని అదే జైల్లో వేయిస్తానని వాలర్ బెదిరిస్తది. దాన్ని సెకండ్ ఛాన్స్ అంటారా? మా ఊళ్లో దాన్ని బెదిరింపు అంటారు.

ఇప్పుడు ఆ సెకండ్ ఛాన్స్ సంగతి. ఇది కామిక్ కదా, నిజంగా ఎక్కడ జరుగుద్ది అంటారా? బెల్ రీవ్ జైలుని కథలో లూసియానా రాష్ట్రంలో పెట్టారు. నిజం లూసియానాలో అంగోలా అనే జైలుంది. అది ఒకప్పుడు బానిసలతో పత్తి పండించిన తోట. ఆ బానిసలు ఆఫ్రికాలో ఏ ప్రాంతం నుంచి వచ్చారో ఆ పేరే తోటకి పెట్టారు. బానిసత్వం పోయాక ఆ భూమి ఖైదీలని కౌలుకి తెచ్చుకునే ఒక పాత సైనికాధికారి చేతికి పోయింది, 1901 నుంచి ప్రభుత్వ జైలు. ఇప్పటికీ అక్కడ ఖైదీలు పొలం పని చేస్తారు, కూలి గంటకి కొన్ని సెంట్లు. ఇది ఎట్లా కుదిరింది? 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలోనే ఒక కిటికీ తెరిచి ఉంచారు, నేరానికి శిక్షగా అయితే చేయించుకోవచ్చని. మనిషిని ముందు నేరస్థుడని రాస్తే చాలు, మిగతా పని చట్టమే చూసుకుంటది.

కాలిఫోర్నియాలో అడవి మంటలు ఆర్పేవాళ్లలో ఖైదీలుంటారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటలప్పుడు వెయ్యి మందికి పైగా దిగారు. అప్పటి లెక్కన రోజుకి సుమారు 6 నుంచి 10 డాలర్లు, మంటల్లో ఉన్నప్పుడు గంటకి ఇంకో డాలర్, దాంతోపాటు శిక్షలో రోజులు తగ్గింపు. వాళ్లు ఇష్టపడే వెళ్తారు, ఆ పనిని గౌరవంగా చెప్పుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల ధైర్యాన్ని నేను తక్కువ చేయట్లేదు. నేనడిగేది ఒక్కటే. అదే మంట, అదే ప్రమాదం, పక్కన నిలబడ్డ ఉద్యోగికి జీతం, ఇతనికి చిల్లర ఎందుకు? పైగా విడుదలయ్యాక అదే ఫైర్ డిపార్టుమెంటులో ఉద్యోగం అడిగితే నేరచరిత్ర అడ్డమొచ్చేది. 2020లో చట్టం తెచ్చాకే కొంచెం దారి దొరికింది. సెకండ్ ఛాన్స్ అంటే ఆ దారి, ఆ మంట కాదు.

ఇక రష్యా. 2022లో వాగ్నర్ అనే ప్రైవేటు సైన్యం జైళ్ల చుట్టూ తిరిగి ఖైదీలని ఉక్రెయిన్ యుద్ధానికి చేర్చుకుంది. ఆరు నెలలు చేస్తే క్షమాభిక్ష. దాని యజమాని ప్రిగోజిన్ కూడా ఒకప్పుడు జైల్లో ఉండి వచ్చినవాడే. 50 వేల మందిని తీసుకున్నామని, అందులో ఐదో వంతు చనిపోయారని 2023లో ఆయన నోటితోనే చెప్పాడు. పదివేల మంది అన్నమాట. వాళ్ల మీద కామిక్ రాలేదు, టీ షర్టులు రాలేదు.

ఇప్పుడు విలన్ అనే మాటకొద్దాం. "వాళ్లు మనల్ని విలన్లు అంటారు కాబట్టి మనం ఆ పేరునే గర్వంగా పెట్టుకుందాం" అని ఒక అన్న రాశాడు. అన్నా, మీ కోపం నాకు అర్థమైంది. కానీ ఈ విలన్ లిస్టు మన దగ్గర కొత్త కాదు. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఏం చేశాడని కాదు, ఏ కులంలో, ఏ తెగలో పుట్టాడని చూసి నేరస్థుడని రాశారు. తర్వాత ఆ చట్టాన్ని మన మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చి ఎరుకల వాళ్లని ఆ లిస్టులో పెట్టారు. పేర్లు రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. స్టువర్టుపురం అట్లా పుట్టిన సెటిల్మెంటే. చట్టం 1952లో పోయింది. కానీ స్టువర్టుపురం అనగానే సినిమా వాళ్లకి ఇప్పటికీ దొంగే గుర్తొస్తాడు, అక్కడ చదువుకుని టీచర్లు, ఉద్యోగులు అయినవాళ్లు గుర్తుకురారు. ఆ ఊరి పిల్లలు ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పడానికి ఇబ్బంది పడే పరిస్థితి ఎవరు తెచ్చారు?

2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్టీలు 8.6 శాతం. 2019 జైలు లెక్కల్లో శిక్ష పడ్డ ఖైదీల్లో ఎస్టీలు 13 శాతం పైన. మనవాళ్లు ఎక్కువ నేరాలు చేస్తారని అనుకునేవాళ్లు అట్లాగే అనుకుంటారు. బెయిలుకి జామీను ఇచ్చేవాడు లేక, కోర్టులో మాట్లాడే భాష అర్థంకాక, లాయరు ఫీజు కట్టలేక లోపలే ఉండిపోయినవాళ్లని మనం ఊళ్లల్లో చూస్తూనే ఉన్నాం. ఆ బిళ్ల తీయించుకోవడానికి మన పెద్దలు వందేళ్లు తన్నుకులాడారు. మనం డబ్బులిచ్చి మళ్లీ అచ్చేయించుకుంటామా?

ఒక అక్క అమాండా వాలర్ గురించి రాసింది. నల్లజాతి ఆడమనిషి, చికాగోలో పేదల కాలనీ నుంచి వచ్చి, భర్తని, ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుని, అంత పెద్ద కుర్చీలో కూర్చుంది, మన ఆడపిల్లలకి అలాంటి ధైర్యం కావాలి అని. అక్కా, మీరు చెప్పిన కథ నిజమే. ఆ కామిక్ మొత్తంలో అందరికంటే బాగా రాసిన మనిషి ఆమే. అందుకే ఇంకా బాధ. కింద నుంచి వచ్చిన మనిషి, జైలంటే ఏందో, చావంటే ఏందో తెలిసిన మనిషి, ఆ కుర్చీలో కూర్చుని అదే బటన్ నొక్కుతది. కుర్చీలో మనిషి మారింది, బటన్ మారలేదు. మనలోంచి ఆఫీసర్లు రావాలి, ఎమ్మెల్యేలు రావాలి, నేను కూడా గ్రూప్స్‌కే చదువుతున్నా. కానీ మనోడు సీట్లో కూర్చుంటే చాలు అనుకుంటే వాలర్ దగ్గరే ఆగిపోతాం. కూర్చున్నాక ఆ బటన్ ఏం చేశాడని కూడా అడగాలి.

ఇప్పుడు మన ఇంటి పక్కకే వస్తా. భద్రాచలం దాటి అటు పోతే బస్తర్. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి నుంచి ఊళ్లు ఖాళీ చేసి మన ఖమ్మం, గోదావరి అడవుల్లోకి వచ్చిన కోయ కుటుంబాలు ఇప్పటికీ గుడిసెల్లో ఉన్నాయి. అప్పుడు అక్కడ ఆదివాసీ కుర్రాళ్లని స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా తీసుకుని తుపాకులిచ్చారు. సుమారు 6,500 మంది. ఐదో తరగతి చదివితే చాలన్నారు. నెలకి 3,000 రూపాయలు. వాళ్లు ఖైదీలు కాదు, కామిక్ విలన్లు కాదు. కానీ లెక్క అదే. అడవి తెలిసినవాడు, చౌకగా దొరికేవాడు, పోతే అడిగేవాడు లేనివాడు. 2011 జులై 5న సుప్రీంకోర్టు, జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారి బెంచి, అట్లా చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని, 14, 21 అధికరణాలకి వ్యతిరేకమని తీర్పిచ్చింది. తీర్పు తర్వాత పేర్లు మారాయి, పని ఆగలేదు. 2025 జనవరిలో బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి జవాన్లు ఎనిమిది మంది, డ్రైవరు ఒకరు చనిపోయారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఒకప్పుడు మావోయిస్టుల్లో ఉండి లొంగిపోయినవాళ్లే. ఆయుధం వదిలి వచ్చినవాడికి పొలం ఇవ్వలేదు, మళ్లీ ఆయుధమే ఇచ్చి ముందు వరసలో నిలబెట్టారు.

నేను ఏ దళానికీ, ఏ పార్టీకీ వత్తాసు పలకట్లేదు, అది స్పష్టంగా రాస్తున్నా. మందుపాతర పెట్టినోడిని కూడా అడుగుతున్నా, నీ బాంబు మీద చచ్చింది ఎవరి కొడుకు? అటు చచ్చినా ఇటు చచ్చినా శవం వచ్చేది మన గూడేనికే, ఏడ్చేది మన భాషలోనే. సూసైడ్ స్క్వాడ్ అంటే నాకు ఆ తొమ్మిది మంది గుర్తొస్తారు. వాళ్ల ఇంట్లోవాళ్ల ముందు ఈ టీ షర్టు వేసుకుని నిలబడగలమా?

చివరిగా, "టీ షర్టే కదా" అన్నవాళ్లకి. రెండు సంగతులు.

మొదటిది. సూసైడ్ స్క్వాడ్ అనే మాటని తెలుగు పేపర్లో ఏమని రాస్తారు? ఆత్మాహుతి దళం. ఐటీడీఏ ఆఫీసు ముందు వంద మంది ఆదివాసీ కుర్రాళ్లు ఆ రెండు మాటలు ఛాతీ మీద రాసుకుని నడిస్తే ఏ ఫోటో పడుద్దో, ఏ హెడ్డింగ్ వస్తదో ఊహించుకోండి. సిటీ కాలేజీ కుర్రాడు అదే టీ షర్టు వేసుకుంటే ఫ్యాన్ అంటారు. మనం వేసుకుంటే స్టేషన్‌లో పేరు, ఊరు అడుగుతారు. కేసు పడ్డ పిల్లాడికి పోలీస్ వెరిఫికేషన్ అప్పుడు ఏమైతదో సీనియర్లని అడగండి.

రెండోది. హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో చనిపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతున్నాం. ఈ గ్రూపులోనే తమ్ముణ్ణి, చెల్లెల్ని అట్లా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల అమ్మలు కూడా ఆ రోజు ర్యాలీకి వస్తారు. సూసైడ్ అనే మాటని డిజైను చేసి, రంగులేసి వాళ్ల కళ్ల ముందు తిప్పాలా?

ఉత్తినే వద్దంటే సరిపోదు కాబట్టి నా ప్రతిపాదన కూడా చెప్తా. ఖైదీ కథే కావాలంటే మనకి గాం మల్లు దొర ఉన్నాడు. 1922-24 రంప తిరుగుబాటులో అన్న గాం గంటం దొరతో కలిసి అల్లూరి పక్కన నిలబడ్డాడు. ప్రభుత్వం లెక్కలో అతనూ నేరస్థుడే. అండమాన్ జైలు చూసి వచ్చాడు. తర్వాత ఎవరో అప్పగించిన పని మీద చావడానికి పోలేదు, 1952 ఎన్నికల్లో గెలిచి విశాఖపట్నం నుంచి లోక్‌సభకి పోయాడు. ఒకప్పుడు ఉరికంబం దాకా పోయిన మనిషికి జనం ఓటేసి ఢిల్లీ పంపారు. సెకండ్ ఛాన్స్ అంటే అది. ఎవడో దయతో ఇచ్చింది కాదు, మనోళ్లు ఇచ్చుకున్నది. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? హార్లీ క్విన్ మొగుడి పేరు అందరికీ తెలుసు.

కాబట్టి ముందు వైపు గాం మల్లు దొర పేరు, వెనక "జల్ జంగల్ జమీన్". కోయలో, గోండిలో, కొలామీలో ఒక్కో మాట చేర్చగలిగితే ఇంకా బాగుంటది, ఆ మాటలు తెలిసిన పెద్దల్ని అడిగి కింద రాయండి. డిజైను వచ్చినవాళ్లు ముందుకి రండి. పోల్‌లో ఈ ఆప్షన్ కూడా పెట్టమని అడ్మిన్ అన్నని కోరుతున్నా. ఇప్పటికే ఓటేసినవాళ్లు మార్చుకోవచ్చు.

సినిమా ఫ్యాన్లకి ఒక మాట. రెండో సినిమా చివరికి ఊరు మునిగిపోతుంటే, పని అయిపోయింది వచ్చేయండి అని వాలర్ అంటది. వాళ్లు వినరు, వెనక్కి తిరిగి జనం దగ్గరికి నడుస్తారు. ఆమె బటన్ మీద చెయ్యి పెడితే ఆమె కింద పనిచేసే మనిషే ఆమెని కొట్టి పడేస్తది. ఆ సీనుకి మనమందరం విజిల్స్ వేశాం. ఎందుకేశాం? స్క్వాడ్‌గా ఉన్నందుకు కాదు, స్క్వాడ్‌గా ఉండనన్నందుకు. మీకు ఆ కథలో నచ్చింది కూడా అదే. మరి ఆ పట్టీ మన మెడకెందుకు?

ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, జవాబిస్తా. పేర్లు పెట్టి తిట్టుకోవద్దు, మనం మనం ఒకటే.

జై ఆదివాసీ. జోహార్ గాం మల్లు దొర.